తొమ్మిది ముద్దల సేపు

దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూ నగరంలో రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శనలో మూడో హాలుకు కాపలా చా గప్సున్. అరవై ఆరేళ్ల మనిషి. దేశదేశాల నుంచి వచ్చినవాటిలో సగం ఆమెకు అర్థం కావు. ఒక గదినిండా ఇసుక, ఇంకో గదిలో పాత ఫ్యాన్లు. అర్థం కాకపోతే మాత్రం ఏం, ఎవరూ ముట్టుకోకుండా చూస్తే జీతం వస్తుంది.

మూడో హాల్లోది మాత్రం బాగానే అర్థమైంది. చిక్కంతా అక్కడే వచ్చింది. పొడవాటి బల్ల, ఖాళీ ఇత్తడి గిన్నెలు, చెంచాలు, మధ్యన పళ్లెంలో మూడు పీచ్ పళ్లు. గోడ మీద, "1980 మే నెలలో ఇల్లు వదిలి తిరిగిరానివారికి ఈ విందు" అని రాసి ఉంది.

గప్సున్ తమ్ముడు గిజూన్, ఊళ్లో తిరగబడ్డ జనం మీద సైన్యం కాల్పులు జరిపిన ఆ మే నెలలోనే సైకిలేసుకుని వెళ్లాడు. పదిహేడేళ్లవాడు. శవం కూడా దొరకలేదు. పోయినవాళ్లకు ఏటా పెట్టే భోజనం వాడికి ఎన్నడూ పెట్టలేదు. పెడితే చచ్చాడని ఒప్పుకున్నట్టేనని వాళ్లమ్మ పెట్టనివ్వలేదు. ఆ తల్లీ కిందటేడు పోయింది. ఇన్నాళ్లకు వాడికోసం ఒక బల్ల వేశారు, అదీ పరాయివాళ్లు.

దానిమీద పీచ్ పళ్లు! పీచ్ పండున్న చోట చనిపోయినవాళ్లు అడుగుపెట్టలేరని గ్వాంగ్జూలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైగా సోమవారం సెలవునాడు వాడిన పళ్లు తీసి కొత్తవి పెట్టడం గప్సున్ పనే. తమ్ముణ్ణి గుమ్మంలో ఆపేసే పళ్లను తన చేత్తోనే మూడు వారాలు పెట్టింది.

ఆ బల్ల తయారుచేసిన మిన్ హేవన్ బెర్లిన్‌లో పెరిగిన పిల్ల. ఒకరోజు హాలుకొస్తే గప్సున్ ఆపింది.

"అమ్మాయ్, పిలిచేది పోయినవాళ్లని, పెట్టేది పీచ్ పళ్లా? రావద్దనా నీ ఉద్దేశం?"

సంగతి విన్నాక హేవన్ మొహం పాలిపోయింది. కాసేపటికి వెలిగింది.

"నాకు తెలీదమ్మా, రంగు బావుందని పెట్టాను. కానీ ఇదింకా బావుంది కదా! పిలుస్తారు, రానివ్వరు. వాళ్లకి జరిగిందీ అదేగా. అలాగే ఉంచేద్దాం."

"నీకు బావుంటుందిలే తల్లీ. ఆకలితో ఉంది నువ్వు కాదుగా."

హేవన్ ఆ మాట కూడా పుస్తకంలో రాసుకుంది.

తర్వాతి సోమవారం గప్సున్ ఇంటినుంచి డబ్బాలో వేడన్నం తెచ్చింది. పీచ్ పళ్లు సంచిలో వేసి, వరండా ఆ చివర దూరంగా పెట్టి వచ్చింది. పళ్లెంలో మూడు బేరిపళ్లు సర్దింది. చివరి గిన్నెలో అన్నం పెట్టి, పోయినవాళ్లకు పెట్టే పద్ధతిలో చెంచా నిలువుగా గుచ్చింది. తమ్ముడు కాబట్టి మొక్కలేదు. బయటికొచ్చి తలుపు మూసింది.

అప్పుడే హేవన్ కెమెరాతో వచ్చింది.

"తలుపేశారేంటమ్మా? ఫొటోలు తీసుకోవాలి."

"ఆగు. లోపల తింటున్నాడు."

"ఎవరు?"

"మా తమ్ముడు."

హేవన్ వరండా చివర సంచిని ఇప్పుడే దాటి వచ్చింది. అటు తిరిగి చూసి, కెమెరా కింద పెట్టేసింది.

"ఎంతసేపమ్మా?"

"తొమ్మిది ముద్దలు తినేంతసేపు. ఆ తర్వాత, వస్తున్నామని తెలిసేలా మూడుసార్లు దగ్గి లోపలికెళ్లాలి."

ఇద్దరూ నిలబడ్డారు. తొమ్మిది ముద్దల సేపు గడిచింది. మరో తొమ్మిది కూడా గడిచాయి. గప్సున్ దగ్గలేదు.

"అయిపోయుంటుందేమో," అంది హేవన్ మెల్లగా.

"ఉండు," అంది గప్సున్. "వాడు నిదానంగా తింటాడు."