ఒక నిమిషం గది నిశ్శబ్దం

ఆ ఉదయం గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: కిటికీ పక్కన సినిమా హీరో, ఆయన కుడివైపున ఆయన మేనేజరు, వారికి ఎదురుగా, పాడ్‌కాస్ట్ నడిపే మా అక్కయ్య మనవరాలు, ఆ పిల్ల వెనుక మా అక్కయ్య, తలుపు దగ్గర, స్టూలు మీద, నేను. ముప్పయ్యేళ్లు ఒక బోర్డు సమావేశాలకు మినిట్స్ రాసినవాణ్ణి కనుక ఈ వరుసలో పొరపాటుకు తావు లేదు. కుర్చీలుండగా నాకు స్టూలెందుకు వేశారన్న విషయంపై వ్యాఖ్యానించను.

మా అక్కయ్యకు డెబ్బయ్యారేళ్లు. పన్నెండేళ్లు క్రమం తప్పకుండా బీపీ మాత్ర వేసుకుంది. నెల క్రితం ఇదే హీరో మరొక పాడ్‌కాస్ట్‌లో, ఫలానా మూలికల పొడి మొదలుపెట్టాక మాత్ర అన్నదే ముట్టలేదని సెలవిచ్చాడు. మర్నాటి నుంచి అక్కయ్య మాత్ర మానేసింది. పై అంకె నూట ఎనభై దాటింది. డాక్టరు కేకలేశాడు. నేను రెండు ఇంగ్లీషు వ్యాసాలను తెలుగు చేసి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీసి వినిపించాను. చెవిటివాడి ముందు శంఖమూదినట్టయింది.

"ఆయన పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు చెప్తాడురా. నువ్వేమో నోటీసు చదివినట్టు చదువుతావు," అంది.

అయినా ఆవిడ చేతిసంచీలో రోజూ మాత్రల షీటు పెడుతూనే ఉన్నాను. ఆవిడ రోజూ దాన్ని భద్రంగా వెనక్కి తెస్తూనే ఉంది.

"ఆ పొడి సంగతి గట్టిగా నిలదియ్యి," అని మనవరాలికి ముందే చెప్పి చూశాను.

"ప్రశ్నలన్నీ మేనేజరు ముందే చూశాడు తాతయ్యా. పొడిని పొగడొచ్చు, అడక్కూడదు. కాదంటే రాడు," అంది దిగులుగా.

రికార్డింగుకని గోడలకు బొంతలు వేలాడదీశారు. ఫ్యాను ఆపారు. ఫ్రిజ్ ప్లగ్ పీకారు. గోడగడియారాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టారు. అక్కయ్యక్కూడా హెడ్‌ఫోన్లు తగిలించారు. సంభాషణకు ముందు ఒక నిమిషం ఎవరూ పెదవి కదపకుండా, ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం ఆ పిల్ల పద్ధతి. తరువాత మాటలకు అతుకులు వేయడానికి అది పనికొస్తుందట.

బటన్ నొక్కింది. అందరం చెమటలు కక్కుతూ బొమ్మల్లా కూర్చున్నాం. ఎవరూ మాట్లాడటం లేదు గనుక రికార్డింగింకా మొదలు కాలేదని హీరో అనుకున్నాడు కాబోలు. గడియారం చూసుకుని, జేబులోంచి ఒక షీటు తీసి, బొటనవేలితో నొక్కాడు.

టప్.

తలుపు దగ్గర స్టూలు మీదున్న నాకు కూడా వినబడింది. హెడ్‌ఫోన్లలో టపాకాయలా పేలి ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆ చప్పుడు ఎరిగిన అక్కయ్య చటుక్కున తలెత్తింది.

"ఏం మాత్ర నాయనా అది?"

హీరో మాత్ర నోట్లో వేసుకుని, సీసా ఎత్తి గుక్కెడు నీళ్లతో మింగి, "బీపీదండీ," అన్నాడు.

"రోజుకెన్ని?"

"రెండు."

"నాకు ఒకటే!" అక్కయ్య గర్వంగా నావైపు చూసింది. మరుక్షణం ఆవిడ ముఖం మారింది. "మరి ఆ పొడి?"

"అది... యాడ్ అండీ."

"యాడా! నెల్రోజులు ఆ చేదు మింగి చచ్చానయ్యా నీ మాట విని! నువ్వేమో చాటుగా మాత్రలు మింగుతున్నావా?"

మేనేజరు లేచాడు. "ఇదంతా కట్ చెయ్యాలి మేడమ్. లేదంటే ఇంటర్వ్యూ లేదు."

మనవరాలి వేలు బటన్ మీదే ఆగిపోయింది. "కట్ చేస్తే మా అమ్మమ్మ ఒక్కతే బాగుపడుతుంది. మిగతా అమ్మమ్మల సంగతేంటి సార్?"

ఈలోగా అక్కయ్య తన సంచీలోంచి షీటు తీసింది. టప్. "ఆ నీళ్లు ఇటివ్వు," అని హీరో సీసానే అందుకుని, గుక్క తాగి మాత్ర మింగింది. అది చూస్తున్న హీరో ముఖంలోని భావం ఆయన ఏ సినిమాలోనూ లేదని అక్కయ్య అంటుంది. ఆయన సినిమాలేవీ నేను చూడలేదు గనుక ధ్రువీకరించలేను.

"ఉంచెయ్యమ్మా. మొదట్లోనే పెట్టు," అన్నాడు హీరో. "పొడి అబద్ధం, మాత్రే నిజం అని నేనే మళ్లీ సరిగ్గా చెప్తాను." మేనేజరు నోరు తెరిచాడు. "నువ్వు కూర్చోవయ్యా! ఫ్యాను కూడా లేదు, కళ్లు తిరిగి పడిపోతావ్."

"ఆగండి సార్," అంది మనవరాలు. "నిశ్శబ్దం పాడైపోయింది. ఇంకో నిమిషం ఎవరూ మాట్లాడకండి."

ఆయన సినిమాలు చూడనక్కర్లేదన్న నా అభిప్రాయం యథాతథంగా ఉంది. అయినప్పటికీ, గీతలు గీసిన నా రెండు వ్యాసాలు నెల రోజుల్లో సాధించలేనిదాన్ని ఒక్క మాటతో సాధించినందుకూ, వద్దన్నవారు పక్కనే ఉండగా ఆ మాటను మైకు ముందు మరొకమారు స్పష్టంగా పలికినందుకూ, సదరు హీరోగారి చర్యను ఇందుమూలంగా గుర్తించి అభినందిస్తున్నాను.