గోరింట కంచె

మెట్ల కింద రాలిన ఆకులను ఊడ్చి కుప్ప చేసి, ముత్తమ్మ నీళ్ల పైపు లాక్కుంటూ గోరింట కంచె దగ్గరికి వచ్చింది. అప్పుడే లేచిన విమానం బంగ్లా మీదుగా పోయింది. ఆమె తల ఎత్తలేదు.

కొత్వాల్‌గూడలోని ఆ పాత బంగ్లాను మ్యూజియం చేసి నాలుగేళ్లయింది. అంతకుముందు నుంచీ, ముప్పై ఏళ్లుగా, తోటపని ఆమెదే. మడమలు బీటలు వారాయి. వేళ్లు ఓ పక్కకు వంగిపోయాయి. పెళ్లయి వచ్చిన మరుసటి ఏడాది ఆషాఢంలో ఈ కంచె ఆకుతోనే ఆమె చేతులు పండాయి. భర్త పోయాక తాను పెట్టుకోవడం మానేసింది గానీ, ఊరి ఆడపిల్లలకు కోసివ్వడం ఏ ఆషాఢంలోనూ మానలేదు. ఇప్పుడు ఈ జీతం ఒక్కటే ఆమెకు ఆధారం.

ఈసారి కంచె ముందు బోర్డు పెట్టారు: ఆకులు కోయరాదు. కొత్త మేనేజరు నవీన్‌కుమార్ పొద్దున్నే పిలిచి మరీ చెప్పాడు.

పది గంటలకు ఊరి పిల్ల సుమలత, ఇంకో అయిదుగురు ఆడపిల్లలు టికెట్లు కొనుక్కుని వచ్చారు. అద్దాల వెనక పింగాణీ పళ్లాలనూ, ఎవరూ పడుకోని పెద్ద మంచాన్నీ చూసి, తోటలోకి వచ్చి, బోర్డు చదివి ఆగిపోయారు.

"ఇగ పోదాం పాండ్రే, అవ్వకు పరేషాన్ అయితది," అంది సుమలత మెల్లగా.

"నాకేం పరేషాన్ లేదు. చున్నీ పట్టు," అంది ముత్తమ్మ. కొమ్మ వంచి, ఆకు దూసి, సుమలత ఒడినిండా పోసింది.

నవీన్‌కుమార్ వరండాలోంచి పరుగెత్తుకొచ్చాడు. "వందేళ్ల నాటి కంచె అని చెప్పానా లేదా అమ్మా?"

"కోస్తేనే వందేండ్లు బతికింది సారూ. ముట్టకుంటే కట్టెలే మిగుల్తయి."

"ఇంకొక్క ఆకు కోశారంటే రేపటి నుంచి రానక్కర్లేదు."

మంచం చూడటానికి వచ్చినవాళ్లంతా ఇటే చూస్తున్నారు. ఇంకా అయిదు చున్నీలు ఖాళీగా ఉన్నాయి.

"ఒకలెనక ఒకలు రాండ్రి బిడ్డా," అంది ముత్తమ్మ.

ఆఖరి పిల్ల ఒడి పట్టుకుని అడిగింది. "నువ్వు పెట్టుకోవా అవ్వా?"

"నాకు నూరుడెందుకే? కోస్తుంటేనే చేతులు పండుతయి."

పిల్లలు వెళ్లాక మిగిలిన పాదులకు నీళ్లు పెట్టింది. పైపు చుట్టింది. కాళ్లు కడుక్కుని గేటు దాటింది.

గేటు పక్క కాపలా బల్ల మీద ఆమె వదిలిపోయిన గుర్తింపు కార్డు ఉంది. ఫోటో అంచున ఆకుపసరు వేలిముద్ర ఒకటి మెల్లగా ఎర్రబారుతోంది.