పదిహేనో స్టిక్కు

గుమస్తాగారికి ఒక జబ్బుంది, దానికి మందు లేదు. ఎక్కడైనా ఏదైనా వస్తువు ఒంటరిగా పడి ఉండటం కళ్ళబడిందా, దాన్ని అసలు మనిషికి చేర్చేదాకా ఆయనకు ముద్ద దిగదు. ముప్పైరెండేళ్ళు బస్సు డిపోలో ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గది చూసుకున్న మనిషి మరి! గొడుగులు, చెప్పులు, ఒకసారి డబ్బాలో తాబేలు, ఒకసారి కట్టుడు పళ్ళు. అన్నిటికీ చీటీలు కట్టి, సొంతదారుల్ని వెతికి పట్టుకుని, సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చేవారు. పళ్ళాయన తనవో కాదో అక్కడే పెట్టుకు చూసి, ఆ తర్వాతే సంతకం చేశాడట. ఈ కథ వాళ్ళింట్లో వినని చుట్టం లేడు.

కూతురి చేతికి గోల్ఫ్ స్టిక్కు వచ్చిందీ ఆ గదిలోంచే. ఏడాది దాటినా ఎవరూ రాని స్టిక్కొకటి వేలంలో తెచ్చి ఏడేళ్ళ పిల్లకిచ్చారు. పిల్ల మొదటి దెబ్బకే ఎదురింటి కిటికీ అద్దం పగలగొట్టింది. దర్జీ పని చేసుకునే వాళ్ళమ్మ మిషను ఆపి మరీ తిట్టింది. ఈయన మాత్రం పెరట్లోంచి ఎదురింటిదాకా అడుగులేసుకుంటూ వెళ్ళి, బంతి ఎంత దూరం పోయిందో లెక్కపెట్టుకొచ్చారు. అద్దం సంగతి ఆయన చెవికెక్కనే లేదు.

ఆ పిల్లకిప్పుడు ఇరవై నాలుగు. మూడేళ్ళుగా ఆటే ఉద్యోగం. పొద్దున్న సాధన, సాయంత్రం డబ్బున్నవాళ్ళ పిల్లలకు ఆటలో పాఠాలు, నెలకో చిన్న పోటీ. రిటైరైన నాన్నగారు పద్నాలుగు స్టిక్కుల బ్యాగు భుజానేసుకుని వెంట నడుస్తారు. గాలి బంతిని ఎటు తోస్తుందో ఆయనకు పెద్దగా తెలియదు. గడ్డిలో పోయిన బంతిని వెతకడంలో మాత్రం ఆయన్ని కొట్టేవాడు లేడు.

ఇక ఈ పోటీ చిన్నది కాదు. నాలుగు రోజుల ఆటలో మొదటి ఇరవై మందికి, ఏడాది పొడుగునా పెద్ద పోటీల్లో ఆడుకునే కార్డు ఇస్తారు. మూడు రోజులయ్యేసరికి అమ్మాయి తొమ్మిదో చోట ఉంది. ఆమెకు ఆట నేర్పే కోచ్ ఆ సాయంత్రం గుమస్తాగారిని పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. కార్డొస్తే ఆ మైదానాలకు గాలీ, నేల వాలూ చదవగలిగిన మనిషి కావాలట, బ్యాగు అతనికివ్వాలట. రాకపోతే అమ్మాయి పాఠాలు చెప్పే పనికి కుదురుకోవాల్సిందేనట. గుమస్తాగారు తల ఊపి, ఆ మాట చెవిన పడనట్టే వెళ్ళి స్టిక్కులు తుడుచుకున్నారు. ఎటు తిరిగినా భుజం ఖాళీ అవుతుందని ఆయనకు అర్థమైంది. కూతురి పక్కన నడిచే ఆ చోటు పోతుందంటే ఏడుపొచ్చినంత పనైంది. అంతలోనే తనను తాను తిట్టుకున్నారు కూడా. కన్నకూతురు పైకి వెళ్తోందంటే దిగులుపడే తండ్రి ఎక్కడైనా ఉంటాడా అని.

ఆఖరి రోజు పొద్దున్నే బ్యాగులో పద్నాలుగూ లెక్కపెట్టుకున్నారు. పద్నాలుగుకు మించి ఒక్కటి మోసినా తప్పే, ఆ సంగతి ఆయనకు తన పేరంత బాగా తెలుసు. లెక్కపెట్టాక, సాధన చేసే పచ్చిక అంచున ఒక స్టిక్కు కనిపించింది. ఎర్ర పిడి. ఒంటరిగా పడుంది. అటూ ఇటూ చూశారు, ఎవరూ లేరు. ఆఫీసులో ఇచ్చేద్దామని చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే మైకులో అమ్మాయి పేరు పిలిచారు. ఆయన గబగబా దాన్ని బ్యాగులో పడేసి పరుగెత్తారు. ఇక మరిచిపోయారు. ఊరందరి మరుపునూ కాపలా కాసిన మనిషికి సొంత మరుపు ఆనవాలు దొరకలేదు పాపం.

పద్దెనిమిది గుంటల ఆట, ఒక్కో గుంటను హోల్ అంటారు. రెండో హోల్ దగ్గర బంతిని గుంటలోకి దొర్లించే స్టిక్కు కోసం బ్యాగులో చెయ్యి పెడితే ఎర్ర పిడి చేతికొచ్చింది. గుమస్తాగారు మిగతావి వేలితో లెక్కపెట్టారు, పద్నాలుగూ ఉన్నాయి. పక్కనే పొదలున్నాయి. తోటి క్రీడాకారిణి బంతి వైపు వంగి ఉంది, అందరి కళ్ళూ అటే ఉన్నాయి. పొదలోకి చిన్న తోపు తోస్తే చాలు. ఆ ఆలోచన ఆయనకు రాలేదని నేననను, వచ్చింది. కానీ ఎవరిదో తెలియని వస్తువును పొదలో పారేయడమంటే, ఆయన చేతులు ఒప్పుకోలేదు. కూతురి ఆటలో దొంగ లెక్క రాయించడానికి మనససలే ఒప్పుకోలేదు.

"అమ్మా, బ్యాగులో పదిహేనున్నాయి" అన్నారు.

అమ్మాయి స్టిక్కును చూసింది. నాన్నను చూసింది. ఎలా వచ్చిందని అడగలేదు.

"ఎక్కడ దొరికింది?" అంది.

రిఫరీని తనే పిలిచింది. ఆయన మర్యాదస్తుడు, నెమ్మదిగా వివరించాడు. హోల్‌కు రెండు చొప్పున రెండు హోల్స్‌కు నాలుగు దెబ్బలు అదనంగా కలుస్తాయి. ఈ ఆటలో దెబ్బలు ఎంత తగ్గితే అంత మేలు. ఎర్ర పిడి స్టిక్కు తను ఆఫీసుకు చేరుస్తానన్నాడు. గుమస్తాగారు ఇచ్చారు. ఇచ్చి, జేబులోంచి కాగితం, పెన్నూ తీసి, ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు. రిఫరీ ఒక్క క్షణం ఆగి, పెట్టాడు.

అమ్మాయి తొమ్మిది నుంచి ఇరవై ఆరుకు జారింది. ముక్కు మీద కోపమున్న పిల్ల, నాలుగు హోల్స్ దాకా నోరు విప్పలేదు. ఏ స్టిక్కు కావాలో వేలితో చూపించింది, అంతే. గుమస్తాగారు బ్యాగు చప్పుడు కూడా కాకుండా నడిచారు. తిట్టినా బాగుండునని ఉంది ఆయనకు.

ఏడో హోల్ దగ్గర ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది.

"ఆ రిఫరీ చేత సంతకం పెట్టించుకున్నావా నువ్వు?"

"లేకపోతే ఎలాగమ్మా? రేపు అందలేదంటే?"

అంతే, నవ్వు మొదలైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుని బంతి ముందు నిలబడేసరికి భుజాలు వదులయ్యాయి. ఆ హోల్‌లో ఒక దెబ్బ మిగిల్చింది, పదిలో ఒకటి, పద్నాలుగులో ఒకటి. ఆఖరి హోల్‌లో మూడు బారల దూరం నుంచి బంతి దొర్లించింది. అది గుంట అంచున కాస్త తటపటాయించి లోపల పడింది. ఇరవయ్యో చోటు, ఆఖరి కార్డు.

స్కోరు అప్పగించి వచ్చాక ఇద్దరూ షూ విప్పుకునే గదిలో బెంచీ మీద కూలబడ్డారు. గుమస్తాగారు గొంతు సవరించుకుని, తన వల్ల ఇంత పని జరిగింది కాబట్టి ఇక బ్యాగు తనే మానుకుంటానని మొదలుపెట్టారు. దారిపొడుగునా కూడబలుక్కున్న ఉపన్యాసమది. అమ్మాయి సాగనివ్వలేదు.

"నువ్వు మానేసేదేంటి? నేనే తీసేస్తున్నా. ఆ స్టిక్కు గురించి కాదులే."

"మరి కోచ్ చెప్పాడనా?"

"కోచ్ చెప్పినా చెప్పకపోయినా. నాన్నా, నేను కొట్టిన ప్రతిసారీ నువ్వు బంతినే చూస్తావు. ఇన్నేళ్ళలో నన్నెప్పుడైనా చూశావా?"

బంతిని చూడటమే తన పని కదా అందామనుకున్నారు గుమస్తాగారు. కూతురి చెయ్యి పట్టుకుని, అరచేతిలో కాయలు కాచిన చోట్ల బొటనవేలితో రాస్తూ కూర్చున్నారు.

కొత్త సీజన్ మొదటి పోటీకి బ్యాగు మోయడానికి కొత్తాయన వచ్చాడు. గుమస్తాగారు అతనికి గంటసేపు జాగ్రత్తలు చెప్పి, చెప్పినవే మళ్ళీ చెప్పి, ఇక తనకే విసుగొచ్చాక వెళ్ళి మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల జనంలో నిలబడ్డారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మాయి వచ్చి బంతి ముందు నిలబడింది. ఎడమ పాదం రెండుసార్లు సర్దుకుంది. కింది పెదవి పంటితో నొక్కింది, అచ్చం వాళ్ళమ్మ సూదిలో దారం ఎక్కించేటప్పటిలాగే. కొట్టే ముందు కళ్ళు ఒక్కసారి మూసి తెరుస్తుందని ఆయనకిప్పుడే తెలిసింది.

కొట్టింది. జనమంతా తలలెత్తి ఆకాశంలోకి చూశారు. బంతి ఎటు పోయిందండీ అని పక్కనున్న పెద్దమనిషి అడిగితే, గుమస్తాగారు తనకు తెలియదన్నారు.