చిల్లు పడని కార్డు

నేను ఒక పంచ్‌ను. పాత రోజుల్లో బస్సు కండక్టరు టిక్కెట్టుకు టక్కున చిల్లు కొట్టేవాడు చూడండి, ఆ ఇనుప ముక్కును. ఏదో కార్ఖానాలో పుట్టాను. ఏ రోజో నాకూ తెలియదు, అడిగినవాళ్ళూ లేరు.

ఇరవై రెండేళ్ళు ఏలియా కండక్టరు చేతిలో ఉన్నాను. మీసాలొచ్చిన కొడుక్కి అర టిక్కెట్టు అడిగిన తల్లుల్ని చూశాను. తరవాత టిక్కెట్లు మిషన్లోంచి నాలుకల్లా బయటికొచ్చే కాలం వచ్చింది. నన్ను తిరిగిచ్చెయ్యమని డిపోలో ఎవరూ అడగలేదు. ఏలియా గారూ గుర్తు చెయ్యలేదు. ఆయనతోపాటు నేనూ రిటైరయ్యాను, ఆయన జేబులో.

సొంతూరు తూములపాడులో ఆయనకు ఆడవాళ్ళ కబడ్డీ జట్టు అప్పగించారు. అందరూ మిరపకోతకు పోయేవాళ్ళు. ఒక్కొక్కరిది ఉడుంపట్టు. ఏలియా గారికి కబడ్డీ రాదు, చిల్లు కొట్టడం వచ్చు. పాత శుభలేఖలు కత్తిరించి మనిషికో కార్డు చేశాడు. ఎడమ, నడుమ, కుడి అని మూడు గళ్ళు గీశాడు. ఏటా మాతో తలపడే పక్కూరు నల్లగట్ల జట్టు మనిషి కూతకొచ్చి ఎటు తిరిగితే ఆ గడిలో నాచేత ఒక చిల్లు. మావాళ్ళకూ అంతే.

మొదటి ఏడు మేమే గెలిచాం. నల్లగట్ల బసవమ్మ పదిసార్లలో ఎనిమిదిసార్లు కుడికే పోతుందని నా చిల్లులు చెప్పాయి. మావాళ్ళు కుడిపక్కన కాచుకుని పట్టేశారు. ఆ సాయంత్రం నాకు పూలదండ కూడా వేశారు. బరువుకు జేబు చిరిగింది.

రెండో ఏడు నల్లగట్ల వాళ్ళూ లెక్కలు మొదలుపెట్టారు. మూడో ఏటికి ఫోన్లో వీడియోలు తీసి కంప్యూటరుకెక్కించారు. ఇంకేముంది! వాళ్ళ గుట్టు మాకు తెలుసు, మా గుట్టు వాళ్ళకు తెలుసు. ఇద్దరికీ తెలిశాక అది గుట్టెలా అవుతుంది, దండోరా గాని.

ఈ మూడేళ్ళూ మా జట్టులో దీనమ్మ ఒక్కతే ఆడకుండా గట్టుమీద కూర్చుంది. కూలి మానుకుని వచ్చేది. జట్టుకు నీళ్ళందించేది. ఒక్క కూతకు పంపితే చాలని ఆమె ఆశ.

"ఈసారన్నా దించు బాబాయ్."

"నీ కార్డులో ఒక్క చిల్లు లేదమ్మాయ్. నిన్నెట్టా నమ్మేది?"

"దించితే గదా చిల్లు పడేది!"

ఏలియా గారు దూరంగా చూశాడు. చిల్లర అడిగినప్పుడు బస్సులోనూ అంతే.

"ఇయ్యాల గూడా దించకపోతే రేపట్నించి రాను. నీ చిల్లులకి నువ్వే నీళ్ళు పోసుకో."

ఆ రోజు నల్లగట్లతో చివరి ఆట. ఇద్దరికీ సరిసమానంగా పాయింట్లు. మిగిలింది ఒక్క కూత, అదీ మాది. పోవలసింది మా మేటి సలోమి. ఆమె గీత దగ్గర ఆగిపోయింది.

"నేను పోను బాబాయ్. నేనెటు తిరిగేదీ నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు."

ఏలియా గారు కార్డులన్నీ తిరగేశాడు. అన్నీ జల్లెళ్ళు. ఒక్కటే నున్నగా ఉంది. "పో అమ్మాయ్," అన్నాడు దీనమ్మతో.

ఆమె చెంగు దోపి గీత దాటింది. అవతల గట్టుమీద ఫోను పట్టుకున్నాయన గాభరా పడ్డాడు.

"ఎవురామె? మన లెక్కలో లేదే!"

"నీళ్ళిచ్చే ఆవిడ గదన్నా!"

"ఎటు పోద్ది?"

"నీళ్ళకాడికి!"

జనం గొల్లుమన్నారు. నల్లగట్ల వాళ్ళు సగం మంది ఎడమకు జరిగారు, సగం మంది కుడికి. నడుమ బసవమ్మ ఏం చెయ్యమంటావని ఫోనాయన వైపు తిరిగింది. దీనమ్మ కూత ఆపకుండా పోయి ఆ తిరిగిన వీపుమీద ఒక్కటి చరిచి, ఎంత తీరుబడిగా వెళ్ళిందో అంత తీరుబడిగా గీత దాటి వచ్చింది.

ఆట మాది. ఆడవాళ్ళు ఆమెను భుజాలకెత్తుకున్నారు. కిందికి దించాక ఏలియా గారు ఆమె కార్డు నా నోట్లో పెట్టాడు. ఎడమ గడి చూశాడు. నడుమ గడి చూశాడు. కుడి గడీ చూశాడు.

"ఇంతకీ నువ్వు ఎటు పోయావమ్మాయ్?"

"చూసుకునే తీరికెక్కడిది బాబాయ్? వీపు కనపడింది, కొట్టా."

వీపుకు గడి లేదు. ఆయన కార్డు బయటికి లాగేశాడు. అలవాటైన చెయ్యి కదా, నన్ను మాత్రం నొక్కాడు. నేను టక్కున గాలిని కొరికాను.