ఎవరూ ఊపని లోలకం

శుక్రవారం పదకొండింటికి నా కంప్యూటర్ ప్రోగ్రామ్ కాలేజీ మేడమ్‌కి చూపించాలి. సరిగ్గా పనిచేస్తే ఆవిడ ల్యాబ్‌లో మధ్యాహ్నం బ్యాచికి సహాయకురాలిగా తీసుకుంటారు. ఇరవయ్యేళ్ల కిందట భౌతికశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని పెట్టెలో దాచినదాన్ని. ఆరు వారాలుగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. ఆ పని నాకే వస్తుందని నా నమ్మకం.

నాకిచ్చిన లెక్క లోలకానిది. మీటరు దారానికి తాళంకప్ప కట్టి కర్టెన్ కడ్డీకి వేలాడదీశాను. పది ఊపులకు ఇరవై సెకన్లు. లాప్‌టాప్ తెరమీద నా ప్రోగ్రామ్ ఊపే లోలకానికీ అంతే. గురువారం ఉదయానికే పని అయిపోయిందనుకుని, లాప్‌టాప్‌లో దాన్ని అలాగే నడవనిచ్చి భోజనాలు వడ్డించాను.

భోజనం ముగించి అందరికంటే ముందు లేచిన అత్తయ్య తెరముందు ఆగింది. "అమ్మాయ్, దీన్నెవరు ఊపుతున్నారు?"

"ఎవరూ ఊపట్లేదత్తయ్యా."

"మరి ఇందాక బుద్ధిగా ఊగిందిగా! ఇప్పుడు గోడ దూకేలా ఉంది."

నిజమే. తెరమీది లోలకం గుండు దారం కట్టిన ఎత్తుదాకా లేస్తోంది. కర్టెన్ దగ్గర తాళంకప్ప ఎప్పుడో ఆగిపోయింది. పది ఊపులు చూసి చేతులు దులుపుకోవడం నా తప్పు.

మా అమ్మాయి తొంగిచూసింది. "లెక్కలో కాస్త గాలి అడ్డం పెట్టెయ్యమ్మా, అదే తగ్గుతుంది. మేడమ్‌కేం తెలుస్తుంది?"

"కుట్టు వంకర పోతే పైన లేసు వేసి దాచమంటావా?"

"ఓహో, నా నీలం గౌనుకి లేసు అందుకేనా!"

నేను నోటుబుక్కు తీశాను. గడులు గీసి, సెకనులో పదోవంతు చొప్పున ప్రోగ్రామ్ వేసే మొదటి నాలుగు అడుగులూ చేత్తో లెక్కగట్టాను. మూడో గడిలో దొరికింది. ప్రతి అడుగులోనూ పాత చోటునుంచే లాగుడు లెక్కగట్టి, ముందు గుండును జరిపి, తర్వాత వేగం మారుస్తున్నాను. గుండు ఎప్పుడూ పాత వేగంతోనే కదులుతోంది. అంచుకు వెళ్లేటప్పుడు తగ్గాల్సిన వేగం ఒక అడుగు ఆలస్యంగా తగ్గి, ప్రతిసారీ ఆవగింజంత ఎక్కువ దూరం పోతోంది. ప్రోగ్రామ్‌లో ఆ రెండు వరుసలనూ తారుమారు చేశాను. ముందు వేగం మార్చాలి, ఆ కొత్త వేగంతో గుండును జరపాలి.

అత్తయ్య కుర్చీ లాక్కుని, గుండు ఆగి వెనక్కి తిరిగే చోట తెరమీద చిన్న కాగితం ముక్క అతికించింది. "ఇది దాటితే పిలుస్తాలే, నీ పని చూసుకో."

బట్టలు మడిచి, అలమర సర్ది వచ్చేదాకా పిలవలేదు.

శుక్రవారం కాలేజీలో మేడమ్ పది ఊపులు చూసి, "బాగుందండీ," అంది.

"టీ తాగొచ్చి మళ్లీ చూడండి," అన్నాను.

ఆవిడ నవ్వింది. "పొద్దుట్నుంచీ ఆ మాట నేనే ల్యాబ్ పిల్లలందరికీ చెప్తున్నా. నేనొచ్చేసరికి ముగ్గురి లోలకాలు గిర్రున తిరిగేస్తున్నాయి."

టీ తాగి వచ్చింది. గుండు కాగితం ముక్కదాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇదెవరు అతికించారు?"

"మా అత్తయ్యండీ."

"సోమవారం రెండింటికి వచ్చి చేరండి. ఆ ముగ్గురూ మీ బ్యాచిలోనే, వాళ్ల సంగతి మీదే," అని, తలుపు దగ్గర ఆగి, "ఆవిడకి ఖాళీ ఉంటే తీసుకురండి," అంది.