గడప చదివే చిట్టా

సాయి సుధకి తెనాలిలో ఐదింటికే తెల్లారుతుంది. మేడమీద గదిలో స్టవ్ మీద పాలు పెట్టి, లాప్‌టాప్ తెరిచి, పాలు పొంగేదాకా చదువుకుంటుంది. వారంలో నాలుగు రోజులు పాలు పొంగిపోయాకే వాటి సంగతి గుర్తొస్తుంది. కింది వాటాలో సుగుణమ్మగారికి మాడు వాసన తగిలిందంటే, అమ్మాయి చదువు బాగా సాగుతోందన్నమాట.

ఆ చదువు చిన్నదేం కాదు. కంప్యూటర్లు తాము చేసిన ప్రతి పనినీ వరసగా రాసిపెట్టుకుంటాయి. ఎవరొచ్చారు, ఏమడిగారు, ఎప్పుడు వెళ్ళారు, అన్నీ. వాటిని లాగ్స్ అంటారు. పెద్ద కంపెనీల్లో రోజుకి కోట్లలో పడతాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి, ఏది చేతికందేలా ఉంచాలో, ఏది అటకెక్కించాలో, ఏది పారెయ్యాలో తేల్చేవాడు ఆర్కిటెక్టు. ఆ సర్టిఫికేషన్ కోసమే సుధ పడుతున్న పాట్లు. ఆఖరి పరీక్షలో ఒక ఊహా కంపెనీని ఇచ్చి, ఒక్కరోజులో దానికి ఆ ఏర్పాటంతా కట్టి చూపించమంటారు. సుధ రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ప్రాజెక్టులో ఉంచలేమని హైదరాబాద్ నుంచి మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోయినట్టే. శనివారం తాడో పేడో తేలిపోతుంది.

రెండుసార్లూ ఒక్కచోటే బోల్తా పడింది. పరీక్షలో ఇచ్చింది ఓ ఆస్పత్రి. చేరినవాళ్ళ వివరం ఉంటుంది, ఇంటికెళ్ళిన వివరం కొందరికి ఎన్నాళ్ళకీ రాదు. మొదటిసారి సుధ, నెలరోజులు చూసి అలాంటివాళ్ళ పేర్లు కొట్టేసింది. "ఇంకా ఉన్నవాళ్ళని పోగొట్టారు" అని తప్పించారు. రెండోసారి భయంతో పాతవన్నీ చేతికందే చోటే ఉంచింది. ఆ బరువుకి మొత్తం నత్తనడక పట్టింది.

"వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమంటే ఇదే" అంది జ్యోత్స్న ఫోన్లో. జ్యోత్స్నది బాపట్ల, ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఆవిడ పోయినేడే పాసైపోయి, ఇప్పుడు సలహాలు చెబుతోంది. "మీ రేపల్లె ఇంట్లో గడప ఉందిగా. ఎన్నేళ్ళుగానో అది చేసే పని ఇదే. వెళ్ళి విను."

"అక్కడికి నేను వెళ్ళను. నీకు తెలుసుగా."

"వినడానికి లోపలికెళ్ళాలా ఏంటి? అరుగు మీద కూర్చో."

రేపల్లెలో వాళ్ళింటి గడప మాట్లాడుతుంది. మాట్లాడుతుందంటే కబుర్లు చెప్పదు. దీపాలవేళ ఆ రోజు ఎవరొచ్చారో, ఎవరు వెళ్ళారో చిట్టా చదివేస్తుంది. పేరు తెలియకపోతే "కొత్త కాళ్ళు" అంటుంది. ఆఖర్న ఇంకా ఇల్లు చేరనివాళ్ళ పేర్లు చెబుతుంది. ఆ ఇంటి మనిషి "వెళ్ళొస్తా" అని వెళితే, తిరిగొచ్చేదాకా ఆ పేరు వదలదు. అందాకా ఆ ఇంట్లో తలుపు గడియ పెట్టరు. వాళ్ళ నాన్న యలమంద కూడా ఆస్పత్రికి వెళుతూ వెళ్ళొస్తాననే అన్నాడు. ఆయన పోయాక పదిరోజులపాటు గడప ఆయన పేరు చదువుతూనే ఉంది. పదోనాడు సుధ అక్క దుర్గాభవాని గడప పక్కన కూర్చుని, "నాన్న ఇక రారు" అని చెప్పింది. ఆ సాయంత్రం ఆ పేరు ఆగిపోయింది.

అమ్మ అంతకుముందే లేదు. అప్పట్నుంచీ సుధని పెంచింది అక్కే. కుట్టుమిషన్ మీద రాత్రీ పగలూ కూర్చుని చదివించింది కూడా అక్కే. ఆరేళ్ళ కిందట ఓ చెరుకుపల్లి సంబంధం చూసింది. వాళ్ళు చూపులకి బయల్దేరిన పూటే సుధ ఉద్యోగమని బ్యాగు సర్దింది. నలుగురిలో తల కొట్టేసినట్టయింది అక్కకి.

"ఇవాళ వెళ్ళావంటే మళ్ళీ ఈ గడప తొక్కకు" అంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అక్క నోరు జారింది. సుధ నోరూ జారింది. అంత కోపంలో వెళ్ళేవాళ్ళెవరూ ఆ మాట అనరు, కానీ పుట్టినప్పట్నుంచీ ఉన్న అలవాటు ఎక్కడికి పోతుంది? బ్యాగు భుజానేసుకుని "వెళ్ళొస్తానక్కా" అనేసింది. సందు మలుపు తిరిగాక తన నోటిని తానే తిట్టుకుంది. తర్వాత ఇంటి నుంచే పని చేసుకోమని కంపెనీ అన్నప్పుడు, హైదరాబాద్ వదిలి తెనాలి దాకా వచ్చింది. అక్కణ్ణుంచి రేపల్లెకి పాసింజర్లో గంట. ఆ గంట మాత్రం ఆరేళ్ళుగా దాటలేదు.

శుక్రవారం సాయంత్రం దాటింది. పరీక్ష కోసమే, ఇంకెందుకూ కాదని జంపని దగ్గర ఓసారి, భట్టిప్రోలు దగ్గర ఓసారి తనకి తానే చెప్పుకుంది. చిట్టా వినేసి ఎనిమిదింటి బండికి వెనక్కి వచ్చెయ్యాలి.

ఇంటి ముందు ఎవరూ లేరు. తలుపు బార్లా తీసుంది. గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది, అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. సుధ దొంగలా అరుగు చివర కూర్చుని, లాప్‌టాప్ సంచీలోంచి నోటుబుక్కు తీసింది.

"పొద్దున పాల శివనాగరాజు. పాలు పోసి వెళ్ళాడు" అంటూ గడప మొదలుపెట్టింది. దాని గొంతు ఏం మారలేదు. "వీణ వచ్చింది. జాకెట్టు తీసుకుని వెళ్ళింది. కొత్త కాళ్ళు, కరెంటు మీటరు చూసి వెళ్ళాయి. దుర్గాభవాని బజారుకి వెళ్ళింది, వచ్చింది."

ఆఖరి వరసకి వచ్చింది.

"సుధ వెళ్ళొస్తానంది. ఇంకా రాలేదు."

"ఊఁ" అంది లోపల్నుంచి అక్క, రోజూ వినే కథకి ఊకొట్టినట్టు.

సుధ చేతిలో పెన్ను గబగబా కదిలింది. గడప ఆరేళ్ళ చిట్టా తవ్విపొయ్యడంలేదు. అదంతా ఎక్కడో అడుగున పడుంది. ముగియని ఒక్క వరసని మాత్రం నిన్నటిలోంచి ఇవాళ్టిలోకి తెచ్చుకుంటోంది, రేపటిలోకి తీసుకెళుతుంది. ఒక్క వరసకి బరువేముంటుంది? గడువు దాటిందని కొట్టెయ్యడం కూడా లేదు. ఇక రారని ఇంట్లోవాళ్ళు చెబితేనే కొట్టేస్తుంది.

ఆ మాట రాసి పెన్ను ఆపేసింది. ఇక రాదు. రెండే ముక్కలు. చెబితే పేరు ఆగిపోతుందని అక్కకి తెలుసు, నాన్నప్పుడు చెప్పింది కూడా. ఆరేళ్ళ సాయంత్రాల్లో ఒక్కనాడైనా ఆ రెండు ముక్కలు అనలేదు. సుధకి ఏడుపు ఆగలేదు.

"ఎవరది?" అంటూ అక్క గుమ్మంలోకి వచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది, జుట్టు చెవుల దగ్గర నెరిసింది.

"నేనే."

అక్క మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది. తర్వాత, "అరుగు మీద దోమలు. లోపలికి రా" అంది.

"గడప తొక్కొద్దన్నావుగా."

"తొక్కొద్దనే అన్నాను. ఇప్పుడూ అంటున్నాను. శుక్రవారం పూట పసుపు రాసిన గడపని ఎవరైనా తొక్కుతారా ఏంటి? దాటి రా."

సుధ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చిన్నప్పుడు నేర్పినట్టే కుడికాలు ముందు పెట్టి దాటింది.

"సుధ వచ్చింది" అంది గడప.

ఆ రాత్రి తలుపెయ్యబోతే గడియ కదల్లేదు. ఆరేళ్ళ తుప్పు. కొబ్బరినూనె పోసి, అక్కాచెల్లెళ్ళిద్దరూ నాలుగు చేతులూ వేసి లాగితే కీచుమంటూ పడింది. ఎనిమిదింటి బండి ఎప్పుడు వెళ్ళిందో ఇద్దరూ వినలేదు.

శనివారం నడిమింట్లో లాప్‌టాప్ తెరుచుకుని పరీక్ష రాసింది. ముగియనివాటికి విడిగా ఒక చిన్న పట్టిక పెట్టి, రోజూ దాన్ని ముందుకి జరుపుతూ, మిగతాదంతా అటకెక్కించింది. గడువు ఎందుకు పెట్టలేదో రాయమన్న చోట, "వెళ్ళొస్తానన్న మనిషిని రోజులు లెక్కపెట్టి కొట్టెయ్యకూడదు" అని ఇంగ్లీషులో రాసింది. మంగళవారం పాసైనట్టు మెయిలొచ్చింది. మేనేజరు మర్యాదగానే అభినందించాడు.

బుధవారం పొద్దున, తెనాలి గదిలో సామాను తెచ్చుకోవడానికి బయల్దేరుతూ గడప అవతల ఆగింది. ఈసారి అలవాటు కొద్దీ కాదు, ఆ మాట అనాలనే ఆగింది.

"వెళ్ళొస్తానక్కా."

"ఊఁ. పెందలాడే రా."

సాయంత్రం తెనాలి స్టేషన్లో రెండు సంచులతో బండెక్కి, ఎక్కానని మెసేజ్ పెట్టిందో లేదో అక్క ఫోన్. సుధ హలో అనేలోపే అవతల గడప గొంతు సన్నగా వినిపించింది.

"సుధ వెళ్ళొస్తానంది. ఇంకా రాలేదు."

అక్క ఈసారి ఊఁ అనలేదు.

"వచ్చేస్తుందిలే, బండెక్కింది" అని గడపతో చెప్పి, అప్పుడు ఫోన్లో, "కూరేం వండమంటావే?" అనడిగింది.