కాలని కర్రులు

ఆ పొద్దున వంటింటి పెరట్లో పడేసిన కట్టెలు అడవి నుంచి వచ్చినవి కావు. నాగళ్లు. విరిగిన కాళ్లూ చేతుల్లా, విరిచిన కాడులూ మేడులూ, తడిమట్టి ఆరని ఇనప కర్రులతో సహా బండెడు నాగళ్లు. "పెద్దయ్యకి స్నానానికి నీళ్లు కాచు. ఇవాళ వంటంతా వీటితోనే," అని చెప్పి, చొక్కాల మీద నెత్తుటి మరకలున్న మనుషులు నవ్వుకుంటూ బావి దగ్గరికి వెళ్లారు.

వంటక్కకి సంగతి అర్థమైంది. పరిమితికి మించిన భూమిని లేనివాళ్లకి పంచాలని చట్టం వచ్చి ఏళ్లయింది. చట్టం వచ్చింది గానీ పంచే చెయ్యి రాలేదు. కాలవ పక్కన పెద్దయ్య బీడు పెట్టిన నల్లరేగడి చేలోకి కూలీల సంఘం నాగళ్లతో దిగింది. పెద్దయ్య మనుషులు కర్రలతో మీద పడ్డారు. తలలు పగిలాయి. ఎద్దుల్ని తరిమేసి నాగళ్లు ఎత్తుకొచ్చారు.

ఆమె ఒక మేడి చేతిలోకి తీసుకుంది. పిడికి చుట్టిన గుడ్డ పీలిక తనదే. అరచేతులు బొబ్బలెక్కుతున్నాయంటే తమ్ముడికి తనే చింపి ఇచ్చింది.

దాన్ని పొయ్యిలో పెట్టింది. అవును, పెట్టింది. వంటింటి వెనక గదిలో కూతురు ఉంది. ఆ గది పెద్దయ్యది, దాని తాళం పెద్దయ్యది. మొగుడు పోయినప్పటి నుంచీ తల్లీకూతుళ్లు ఆ కప్పు కిందే బతుకుతున్నారు. పొగకి కళ్లు మండాయని తనకి తనే చెప్పుకుంది.

సాయంత్రం బూడిద ఎత్తుతుంటే కర్రులు బయటపడ్డాయి. నల్లబడ్డాయి గానీ వంగలేదు. ఏం తోచిందో, వాటిని గోనెసంచిలో చుట్టి పిండి డబ్బాల వెనక దాచింది.

మర్నాడు గుమాస్తా నేరుగా వంటింట్లోకే వచ్చాడు. వంటక్కని, డ్రైవరుని, తోటమాలిని, కాపలా తాతని పిలిచి పీటల మీద కూర్చోబెట్టాడు. ఆ ఇంట్లో వాళ్లని కూర్చోమన్నవాడు అతనే మొదలు.

"కాలవ పక్క చేను మీ నలుగురి పేరన ఉంది. తెలుసుగా?"

తోటమాలి నోరు తెరిచాడు. "నా పేరనా? నాకు పూలకుండీల్లో మట్టి తప్ప ఏం తెలీదు బాబూ!"

"తెలుసుకోవయ్యా! ఆ సంఘం వెధవలు అర్జీ పెట్టారు. రేపు విచారణకి ఆఫీసరొస్తాడు. ఈ భూమి నీదేనా అంటాడు. నాదే అనాలి. ఇంకో ముక్క మాట్లాడకూడదు. ఏదీ, అను."

"నాదే," అన్నాడు తోటమాలి, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"గట్టిగా ఏడువు!"

ఇంతలో పెద్దయ్యే గుమ్మంలోకి వచ్చాడు. "ఉప్పు తిన్న ఇల్లు, గుర్తుంచుకోండి," అన్నాడు నెమ్మదిగా. వంటక్క వైపు చూసి, "నీ కూతురు బాగా ఎదిగిందే. దానికీ ఇక్కడే ఏదో పని చూద్దాంలే," అన్నాడు.

పొద్దు వాలకముందే కూరగాయల వంకతో తమ్ముడి గుడిసెకి వెళ్లింది. వాకిట్లో సంఘం కూర్చుని ఉంది. చాలామందికి కట్లున్నాయి.

"రా అక్కా, రా," అన్నాడు తమ్ముడు, తలకి కట్టుతో. "నా నాగలి బాగా మండిందా? పెద్దయ్యకి నీళ్లు తొందరగా కాగాయా?"

ఆమె తల వంచుకుంది.

"ఎద్దు పుండు కాకికి నొప్పా! మేం తన్నులు తింటుంటే నువ్వు వాళ్లకి వడ్డించావు."

"ఆపరా," అని కసిరింది నాట్లేసే ముసలమ్మ. "ఆ పొయ్యి దానిదా, ఆ ఇల్లు దానిదా? కాదని ఎక్కడికి పోతుంది, పిల్లనేసుకుని?"

సంఘం కార్యదర్శి దర్జీ. అతను ముందుకి జరిగాడు. "అక్కా, రేపు నిజం చెప్పేయ్. మాది కాదు, ఆయనదే, దొంగపేర్లు పెట్టాడని చెప్పు."

"చెప్తే భూమి మీకొస్తుందా?"

"మిగులు భూమి కింద తేలుతుంది. ఆయన కోర్టుకెళ్తాడు. కేసు నడుస్తుంది."

"మా నాన్న కేసూ నడిచింది," అన్నాడు వెనక నుంచి ఒకతను. "నడిచీ నడిచీ మా నాన్న పోయాడు. అదింకా నడుస్తూనే ఉంది." కొందరు నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు.

మళ్లీ చేలో దిగుదామని కొందరు, నాగళ్లెక్కడివని కొందరు అరుచుకున్నారు. ఆ గోల మధ్య వంటక్క అడిగింది: "నాదేనంటే ఏమవుతుంది?"

"ద్రోహమవుతుంది!" అని తమ్ముడు లేచాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక డ్రైవరుకీ తోటమాలికీ అన్నం పెడుతూ మళ్లీ ఎత్తుకుంది. "ఏవయ్యా, నీ భూమి ఎప్పుడైనా చూశావా?"

డ్రైవరు నవ్వాడు. "రోజూ దాని పక్కనుంచే కారు తోలుతున్నానట. దిగింది మాత్రం లేదు."

"ఒకసారి దిగి చూద్దామా?"

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. తోటమాలి లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

విచారణ బడి ఆవరణలో జరిగింది. ఆఫీసరు పక్క కుర్చీలో పెద్దయ్య, ఎదురుగా ఎండలో ఊరు ఊరంతా. మొదట వంటక్కని పిలిచారు.

"ఈ భూమి ఎవరిదమ్మా?"

"నాదే."

కూలీలు ఉసూరుమన్నారు. తమ్ముడు నేల మీద ఉమ్మేశాడు. డ్రైవరు నాదే అన్నాడు, తోటమాలి గట్టిగా నాదే అన్నాడు, కాపలా తాతా అన్నాడు. మిగులు లేదని రాసి ఆఫీసరు ముద్ర గుద్దాడు. పెద్దయ్య కాలు మీద కాలు వేసుకున్నాడు.

"అయ్యా, ముద్ర పడిందిగా?" అంది వంటక్క. "మరి నా చేను ఎవరు దున్నాలో ఎవర్నడగాలి?"

"నీ చేను, నీ ఇష్టం. ఎవర్నో అడగడమేంటి?" అని ఆఫీసరు విసుక్కున్నాడు.

ఆమె జనం వైపు తిరిగింది. "విన్నారుగా! రండి, దున్నండి. నా వాటాకి గట్టు లేదు. అందరిదీ!"

"నా వాటా కూడా!" అన్నాడు డ్రైవరు. తోటమాలి చెయ్యెత్తాడు.

"ఒసేయ్, అది నా..." అని లేవబోయిన పెద్దయ్యని గుమాస్తా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. నాదంటే పరిమితి దాటుతుంది, కాదంటే చేను పోతుంది. పెద్దయ్య కక్కలేక మింగలేక కూర్చున్నాడు. కాపలా తాత మాత్రం వెళ్లి ఆ కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఆ తాతని తిట్టకండి. భయం అందరికీ ఒకే రోజున వదలదు.

వంటక్క పెద్దయ్య ఇంటికి వెళ్లేసరికి తన సామానంతా వీధిలో ఉంది. కూతురు సామాను పక్కనే నిలబడి ఉంది, గోనెసంచి రెండు చేతులతో పట్టుకుని. "డబ్బాల వెనక నుంచి ఇదొక్కటే నేను తెచ్చానమ్మా. నువ్వు దాచావంటే ఊరికే దాచవుగా," అంది.

వంటక్క ఆ సంచి తమ్ముడి ముందు విప్పింది. అతను ఒక్కో కర్రూ తడిమి చూశాడు. "ఉమ్మేశానక్కా," అన్నాడు, ఏడుపు ఆపుకోలేక.

"ఉమ్మావులే. వడ్రంగిని పిలు ముందు."

తెల్లారేసరికి పచ్చి కొయ్యకి పాత కర్రులు బిగించిన నాగళ్లు చేలో ఉన్నాయి. ఎద్దులు చాలక కొన్నిటికి మనుషులే కాడి పట్టారు. వంటక్క చెప్పులు విడిచి తన పేరున్న మట్టిలో మొదటిసారి కాలు పెట్టింది. తమ్ముడి నాగలికి తనూ ఒక కాడి పట్టింది.

జీపు వచ్చింది. "ఎవర్నడిగి దున్నుతున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నన్నడిగి. చేను నాది. నేనేం ఫిర్యాదు ఇవ్వలేదే?"

"చేను గొడవ కాదు. పెద్దయ్య వంటింట్లో ఇనప సామాను పోయింది. దొంగతనం కేసు. ఎక్కు జీపు."

"అవి మా కర్రులు!" తమ్ముడు అరిచాడు. "ఆయన పొయ్యిలోకి ఎలా వెళ్లాయో అదీ రాసుకోండి!"

రాసుకోలేదు. వంటక్క రెక్క పట్టి లాగారు. నాట్లేసే ముసలమ్మ నాగలి ఆపించి, కర్రు మీద చెయ్యి వేసింది. "దొంగసొత్తు నా దగ్గరుంది నాయనా, నన్నూ ఎక్కించు." డ్రైవరు ఎక్కాడు. తోటమాలి ఎక్కాడు. ఇంకా వస్తూనే ఉన్నారు. జీపులో చోటు లేదు.

"వీళ్లని దింపి మళ్లీ వస్తా, మీ సంగతి చూస్తా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రండి సార్," అన్నాడు దర్జీ. "ఈసారి లారీ తెచ్చుకోండి."

జీపు కదిలింది. వంటక్క వెనక్కి చూసింది. ఖాళీ అయిన కాడి కింద కూతురు భుజం పెట్టింది. తమ్ముడు మేడి నొక్కి పట్టాడు. చేలో నాగళ్లు మళ్లీ నడిచాయి.